లక్ష్మికి ఎన్ని అక్షరాలు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను చేసేది డేటాబేస్ పని. ఈ సభలో దాని గురించి చెప్పేదేముంటుందని మొదట అనుకున్నాను. కానీ మన తెలుగు తరగతికీ ఆ పనికీ ఒక సంబంధం ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో తెలుగు పేర్ల జాబితా ఒకటి ఒరాకిల్ డేటాబేస్‌లోకి ఎక్కించే పని నాకు అప్పగించారు. పేరు గడి పొడవు 20. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించాను, అన్నీ పట్టాయి. తెలుగు పేర్లు ఎక్కించబోతే ‘పొడవు ఎక్కువైంది’ అని ఎర్రర్ వచ్చింది. గడువు దగ్గర పడింది. పట్టినంత వరకే ఉంచి మిగతాది కత్తిరించేలా ప్రోగ్రాం రాసేసి ఇంటికి వెళ్లిపోయాను.

కొన్నాళ్లకు ఒక పెద్దావిడ కార్డు పట్టుకుని వచ్చారు. ‘లక్ష్మి’కి బదులు ‘లక్ష్మ’ అని ఉంది. “కార్డులో ఒకలా, పాస్‌బుక్కులో ఒకలా ఉంటే నేనెవరినని చెప్పుకోను బాబూ?” అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

ఆ రాత్రి కూర్చుని, మన మాస్టారు బోర్డు మీద విడదీసినట్టు ఆ పేరును విడదీశాను. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మనకు కనిపించేవి రెండక్షరాలే అయినా యూనికోడ్‌లో అవి 7 సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, మొత్తం 21. ఒరాకిల్‌లో వార్‌చార్2 గడికి ఉట్టి 20 అని రాస్తే, మామూలు అమరికలో దాని అర్థం 20 బైట్లు. ఒక్క బైటు చాలక గుడి ఎగిరిపోయింది! ‘20 చార్’ అని రాసి ఉంటే పేరు హాయిగా పట్టేది. పోస్ట్‌గ్రెస్‌లో, మైఎస్‌క్యూఎల్‌లో అయితే వార్‌చార్ 20 అంటే 20 సంకేతాలే. ఇవన్నీ మాన్యువళ్లలో ఉన్నాయి. నేనే చదవలేదు.

గడి సరిచేసి, అసలు దరఖాస్తులు చూసి పేర్లన్నీ మళ్లీ ఎక్కించాం. తర్వాత వచ్చేవాళ్ల కోసం ఒక పేజీ రాసిపెట్టాను: ఏ గడిలో పొడవు దేనితో లెక్క, పట్టకపోతే ఏమవుతుంది, ఏ పేర్లతో పరీక్షించాలి. మొదటి పేరు ‘లక్ష్మి’.

ఆ పేజీ తర్వాత పెరిగింది. మైఎస్‌క్యూఎల్‌లో ‘యూటీఎఫ్8’ అన్న పేరున్న అమరిక 3 బైట్ల దాకానే పడుతుంది. తెలుగు అందులో సరిపోతుంది కానీ, 4 బైట్ల ఎమోజీ పట్టదు. అందుకే 2010లో 5.5.3 వెర్షన్‌తో ‘యూటీఎఫ్8ఎంబీ4’ వచ్చింది. పేరు చూసి నమ్మకూడదని అదీ చేర్చాను.

మన సంఘం సభ్యుల పట్టిక కంప్యూటర్‌కెక్కించే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మనవి ఒక్కటే. ముందు ఒత్తులున్న పేర్లతో పరీక్షించండి. తెలుసుకున్నది రాసిపెట్టండి. హాజరు పట్టీలో మన పేరు తప్పు పడితే మాస్టారు కొట్టివేసి, పైన సరిగ్గా రాసేవారు. మన పనిలోనూ అంత శ్రద్ధ ఉండాలి.