టెలిఫోను తీగపై కంప్యూటరు పలుకు

మనుష్యుల మాటలు మోయుటకై పుట్టిన టెలిఫోను తీగ, ఇంటిలోని కంప్యూటరు మాటను ఎట్లు మోయగలిగినది? ఈ ప్రశ్నకు అమెరికా చరిత్రలో రెండు సమాధానములు కలవు. ఒకటి శాస్త్రము చెప్పునది. రెండవది న్యాయము చెప్పునది.

కంప్యూటరు ఎరిగిన అక్షరములు రెండే: ఒకటి, సున్న. టెలిఫోను తీగ చక్కగా మోయునది సెకనుకు 300 మొదలు 3,400 కంపనముల వరకు గల స్వరములను. కావున అంకెలను స్వరములుగా మార్చవలెను. ఆ పని చేయు సాధనమే మోడెము. 1962 నాటి బెల్ పద్ధతిలో, పిలిచెడి యంత్రము ఒకటికి 1,270 కంపనముల స్వరమును, సున్నకు 1,070 కంపనముల స్వరమును పలుకును. బదులిచ్చు యంత్రమునకు 2,225, 2,025 కంపనముల స్వరములు. శ్రుతులు వేరగుటచే, ఇరువురును ఒకేసారి మాటాడినను చిక్కు లేదు. వేగము సెకనుకు ముప్పది అక్షరములు.

శాస్త్రము సిద్ధముగనే యున్నను, అడ్డు గోడవద్ద కలిగినది. పరాయి పరికరమును తీగకు తగిలింపరాదని టెలిఫోను కంపెనీల నిబంధన. టెక్సాసు వాసి థామస్ కార్టర్ పోరాడగా, 1968లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను ఆ నిబంధన చెల్లదన్నది. అయినను, తమ రక్షణ పరికరమును అద్దెకు తీసికొననిదే కంపెనీలు నేరుగా తగిలింపనీయలేదు. అందుచే పలువురు రిసీవరును రబ్బరు గిన్నెలలో బోర్లించి, తీగను తాకకయే స్వరములను పంపుకొనిరి. గదిలోని చప్పుడు సోకి అక్షరములు చెడుటయు కలదు. పరీక్షించి నమోదుచేసిన పరికరమును ఎవరైనను నేరుగా తగిలింపవచ్చునను నియమము 1977లో న్యాయస్థానమున నిలిచినది.

1979లో హేస్ సంస్థ ‘మైక్రోమోడెమ్ 2’ను వెలువరించినది. ఆపిల్ 2 కంప్యూటరు మూత తీసి, లోపలి గాడిలో ఒక పలకను నిలుపవలెను. పలకనుండి తీగ ఒక చిన్న పెట్టెకు, పెట్టెనుండి గోడలోని జాకునకు పోవును. కంప్యూటరు విద్యుత్తు టెలిఫోను తీగకు హాని చేయకుండ కాచునది ఆ పెట్టెయే. యంత్రము తానే అంకెలు త్రిప్పి పిలువగలదు. పిలుపు వచ్చిన, తానే అందుకొనగలదు.

ఈ రెండవ గుణము ఎంతటిదో అంతకు ముందే చికాగో చూపినది. 1978 ఫిబ్రవరిలో వార్డ్ క్రిస్టెన్సన్, రాండీ స్యూస్ అనువారు తానై బదులు పలుకు కంప్యూటరుతో ఒక ప్రకటన ఫలకమును నెలకొల్పిరి. ఉన్నది ఒక్క తీగ. ఒకరు చదివి, తమ మాట వ్రాసి వైదొలగినగాని మరొకరికి అవకాశము లేదు. అయినను ముఖపరిచయము లేనివారు అచట సంభాషించుకొనిరి.

తీగ కంపెనీదే కావచ్చును. హాని చేయని సాధనమును దానికి తగిలించుకొను హక్కు గృహస్థునకు దక్కినందుననే ఆ చిన్న పలక ఫలించినది.