పాసుపుస్తకం, ప్రచురణల జాబితా

(ఆత్మకూరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి హక్కుల గురించి మాట్లాడుకుంటున్న సభలో రసాయన శాస్త్రం ఎందుకని మీకు అనిపించవచ్చు. ఈ ఆత్మకూరు చుట్టుపక్కల నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ, పత్తి తీసేదీ ఎక్కువగా స్త్రీలే. కానీ పంట ఎవరిదని తేల్చేటప్పుడు అధికారి పాసుపుస్తకం చూస్తాడు. శాస్త్ర ప్రపంచంలోనూ అలాంటి పుస్తకం ఒకటుంది. దాని పేరు ప్రచురణల జాబితా.

ఒక శాస్త్రవేత్త ఎన్ని పరిశోధనా వ్యాసాలు ప్రచురించారు, వాటిని ఇతరులు తమ వ్యాసాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారు అన్నదే అందులోని లెక్క. ఇలా పేర్కొనడాన్ని సైటేషన్ అంటారు. అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ 1964లో ఈ లెక్కల సూచికను ప్రచురించడం మొదలుపెట్టాడు. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ అనే కొలత తెచ్చాడు. ఒకరి వ్యాసాల్లో 20 వ్యాసాలను ఒక్కొక్కదాన్ని కనీసం 20 సార్లు ఇతరులు పేర్కొంటే ఆ అంకె 20 అవుతుంది. ఉద్యోగం ఇవ్వాలన్నా, నిధులు ఇవ్వాలన్నా ఇలాంటి అంకెలే చూస్తున్నారు. 2010 యూజీసీ నిబంధనలతో వ్యాసాలకు పాయింట్లు కట్టే పద్ధతి మన కళాశాలల దాకా వచ్చింది.

ఈ జాబితా ఏం చెబుతుందో, ఏం దాస్తుందో తెలియాలంటే దర్శన్ రంగనాథన్ జీవితం చూడాలి. ఆమె 1941లో ఢిల్లీలో పుట్టింది. టి. ఆర్. శేషాద్రి దగ్గర 1967లో డాక్టరేటు చేసింది. ఆయన అంతకుముందు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసినవారే. తర్వాత ఆమె లండన్ ఇంపీరియల్ కాలేజీలో నోబెల్ గ్రహీత డెరెక్ బార్టన్ దగ్గర పనిచేసింది. 1970లో రసాయన శాస్త్రవేత్త ఎస్. రంగనాథన్‌ను పెళ్ళి చేసుకుని కాన్పూర్ ఐఐటీకి వెళ్ళింది. అక్కడ భార్యాభర్తలిద్దరినీ అధ్యాపకులుగా తీసుకోరాదన్న నియమం అమలులో ఉంది. ఏ పుస్తకంలోనూ రాయని నియమం అది. 1972లో ఆ దంపతులు రసాయన చర్యల మీద రాసిన పుస్తకం వచ్చింది. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అధ్యాపకుల పట్టికలో మాత్రం భర్త పేరే ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె ఫెలోషిప్‌ల మీదే పరిశోధన సాగించింది. 1993లో తిరువనంతపురం, 1998లో హైదరాబాదు ఐఐసీటీ చేరింది. అక్కడ డిప్యూటీ డైరెక్టరయింది. ప్రొటీన్ల అల్లికను అనుకరించే పెప్టైడ్ నిర్మాణాల మీద ఆమె వ్యాసాలు అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్‌లో వచ్చాయి. 2001లో, అరవయ్యో పుట్టినరోజు నాడే, రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూసింది.

ఇప్పుడు ఆమె జాబితా ముందు పెట్టుకుని "ఎంత గొప్ప శాస్త్రవేత్త!" అనడం సులభం. అక్కడితో ఆగితే ఆ నియమాన్ని మనం క్షమించినట్టే. ప్రతిభ ఉంటే ఎలాగైనా పైకి వస్తారనే వాదానికి ఆమెను సాక్ష్యంగా నిలబెట్టినట్టే. వ్యాసం రావాలంటే ప్రయోగశాల కావాలి, రసాయనాలకు డబ్బు కావాలి, విద్యార్థులు కావాలి. ఇవన్నీ పోస్టును బట్టి వస్తాయి. పోస్టు ఇవ్వని సంస్థ తర్వాత వ్యాసాలు లెక్కపెడితే అది కొలిచేది ఎవరిని? కాన్పుకో, జబ్బుపడ్డ అత్తగారి సేవకో పోయిన ఏళ్ళు ఆ అంకెలో కనబడవు. తగ్గిన వ్యాసాలే కనబడతాయి.

పేరు చేరేచోట కూడా వివక్ష ఉంది. అమెరికా పరిశోధక బృందాలపై 2022లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఒకే బృందంలో పనిచేసినా వ్యాసంలో పేరు దక్కే అవకాశం పురుషులకన్నా స్త్రీలకు 13 శాతం తక్కువ. పేటెంట్లలో 59 శాతం తక్కువ. 2017లో వచ్చిన మరో అధ్యయనం పదిహేను లక్షల వ్యాసాలను పరిశీలించి, పురుషులు తమ పాత వ్యాసాలను తామే పేర్కొనడం స్త్రీలకన్నా 56 శాతం ఎక్కువని తేల్చింది. స్త్రీల కృషిని పురుషుల ఖాతాలో వేసే ఈ ధోరణికి చరిత్రకారిణి మార్గరెట్ రాసిటర్ 1993లో "మటిల్డా ఎఫెక్ట్" అని పేరు పెట్టింది.

అయితే లెక్కలే వద్దందామా? నేను అలా అనను. అండదండలు లేని స్త్రీకి పదోన్నతి నిరాకరించినప్పుడు ఆమె బల్ల మీద పెట్టగలిగిన సాక్ష్యం ఈ జాబితాయే. పాసుపుస్తకం పురుషుడి పేరున ఉందని మనం దాన్ని చించేయమనలేదు, మా పేరు కూడా రాయమన్నాం. ఇక్కడా అంతే. జాబితా పక్కన ఆ ఏళ్ళలో ఆమెకున్న పోస్టు, నిధులు, సెలవులు కూడా రాసి చదవాలని అడగాలి.

ఇది మనకూ వర్తిస్తుంది. మన నివేదికల కోసం ఊరూరా తిరిగి, దీపాలు పెట్టాక ఇళ్ళకు వెళ్ళి, ఆడవాళ్ళతో మాట్లాడి వివరాలు రాసుకొచ్చేది మీరు. అట్ట మీద పేరు నాలాంటి డాక్టరేటు ఉన్నవాళ్ళది. "క్షేత్ర కార్యకర్తలకు కృతజ్ఞతలు" అన్న ఒక్క వాక్యంలో మీరంతా కలిసిపోతారు. ఇకనుంచి ప్రతి నివేదికలోనూ వివరాలు సేకరించినవారి పేర్లు, వారు ఇష్టపడితే, రచయితల వరసలోనే ఉండాలి. సాయంత్రం తీర్మానాల్లో దీన్ని చేర్చమని ప్రతిపాదిస్తున్నాను. చర్చించండి.