పనికి తగిన పిండిపదార్థములు



మీరు ఏటా తీయు పత్తికి, మీరు తిను అన్నమునకు ఒక చుట్టరికము కలదు. బియ్యములోని పిండి, పత్తిలోని పీచు రెండును ఆకు తయారుచేసిన గ్లూకోజు అను చక్కెరతో అల్లిన గొలుసులే. ముడి మాత్రము వేరు. బియ్యపు ముడిని మన కడుపు విప్పగలదు, పత్తి ముడిని విప్పలేదు. గడ్డిలో ఉన్నది కూడ పత్తి ముడియే. ఎద్దు కడుపులోని సూక్ష్మజీవులు దానిని విప్పును గనుకనే ఎద్దు గడ్డి తిని అరక లాగినది. వీటన్నిటికి పిండిపదార్థములని పేరు. నేను వైద్యుడను కాను, పైరుల పాఠము చెప్పువాడను. కాని పండించినది చివరకు చేరవలసినది కంచములోనికే గదా!

పిండిపదార్థము గ్రాముకు 4 కేలరీల శక్తి నిచ్చును. తిన్న అన్నము గ్లూకోజుగా మారి రక్తములో చేరును. అప్పటి పనికి ఖర్చు కాగా మిగిలినది కాలేయములోను, కండరములలోను నిల్వయగును. ఈ గాదె చిన్నది, రెండు చోట్ల కలిపి సుమారు అర కిలో పట్టును. అది నిండిన పిదప వచ్చినదానిని శరీరము క్రొవ్వు రూపముగా పేర్చును.

అరకలున్న కాలములో మన పెద్దలు ఈ లెక్క బాగుగ ఎరుగుదురు. దుక్కుల రోజులలో ఎద్దుకు ఉలవలు, తవుడు పెంచెడివారు, పని లేనప్పుడు తగ్గించెడివారు. మన విషయములో మాత్రము అది పాటించుట లేదు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో వేసిన అంచనా ప్రకారము, కూర్చుండి పనిచేయు పురుషునికి రోజుకు 2110 కేలరీలు, కాయకష్టము చేయువానికి 3470 కేలరీలు కావలెను. తేడా 1360 కేలరీలు, అనగా దాదాపు 390 గ్రాముల బియ్యము. దుక్కి ట్రాక్టరుకు అప్పగించినాము, పొలమునకు నడక మోటారు సైకిలుకు అప్పగించినాము. ఆ 390 గ్రాములు మాత్రము కంచములోనే ఉన్నవి! దేశములో 10 కోట్ల మందికి పైగా మధుమేహముతో ఉన్నట్లు ఆ మండలి అధ్యయనము 2023లో తెలిపినది. అది పట్నము వారి జబ్బు అనుకొనుట ఇక చెల్లదు.

ఎంత తినుచున్నామన్నది ఒకటి, ఏది తినుచున్నామన్నది మరొకటి. పల్నాటి జొన్నకూటిని ఈసడించిన చాటువులు శ్రీనాథుని పేర చెప్పుకొనుట మీరు వినియే ఉందురు. ఆ మహాకవి సన్నన్నమునకు అలవాటుపడినవాడు, ఏమి చేయగలము! 1967లో సాగరు కాలువలకు నీరు వచ్చినది, 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. ఆకలి తీర్చిన మేలును తక్కువ చేయరాదు. కాని జొన్న, కొర్ర, వరిగ మన వంటింటి నుండి తప్పుకొన్నవి. నూరు గ్రాముల జొన్నలో మాంసకృత్తులు సుమారు 10 గ్రాములు, తెల్లబియ్యములో సుమారు 7 గ్రాములు. జొన్నలో పీచు ఎక్కువ. బియ్యమును తెల్లగా మరపట్టించి తవుడు గేదెకు పెట్టి, గంజి వార్చి పారబోసినచో, బి విటమిన్లు చాలభాగము మన చేతులారా పోగొట్టుకొన్నట్లే. వెనుకటి తరములలో సర్కారు జిల్లాలలో బెరిబెరి కనబడుటకు ఇట్టి బియ్యమే ముఖ్య కారణము.

అన్నము మానవలెనని నేను చెప్పుట లేదు. ఒక పూట జొన్నరొట్టె గాని, కొర్రన్నము గాని తినుడు. రెండవ పూట అన్నము కొంత తగ్గించి పప్పు, ఆకుకూర పెంచుడు. కొర్రలు గదా అని కుండెడు తినరాదు, అవియు పిండిపదార్థములే. వరి కోసిన మాగాణిలో దున్నకుండ జొన్న వేయువారు తెనాలి, బాపట్ల వైపు కలరు. అట్టివారు రెండు బస్తాలు ఇంటికి ఉంచుకొని తక్కినది అమ్ముకొనవచ్చును.

కూలికి పోవు స్త్రీల సంగతి దీనికి తలక్రిందులు. మిరప కోతలలో తెల్లవారక ముందే లేచి, ఇంటి పని ముగించి, టీ నీళ్ళు త్రాగి ఆటో ఎక్కుదురు. రాత్రి గడచుసరికే కాలేయపు నిల్వ చాలవరకు తరిగియుండును. పది, పదకొండు గంటల వరకు ఏమియు తినకుండ ఎండలో వంగి కోసినచో కళ్ళు తిరుగును, చేయి మందగించును. శరీరము తన కండను తానే కరిగించి చక్కెర చేసికొనును. ఇది ప్రతి కోతలోను చూచుచున్నాము, ఎండదెబ్బ అని ఊరకుందుము. గిన్నెడు చద్దన్నము, మజ్జిగ, ఉల్లిపాయ, వీలైన గుప్పెడు వేరుసెనగ గుండ్లు తిని బయలుదేరిన మనిషికి ఈ బాధ చాలవరకు తగ్గును. అందరికన్న కడపట మిగిలినది తినుట మన ఇండ్ల ఆచారము. కోతల రోజులలోనైన దానిని మార్చవలెను. కూలీలను పిలుచు రైతు తొమ్మిది గంటలకు అరగంట తీరిక ఇచ్చిన నష్టపోడు.

మధుమేహమునకు మందు వాడువారు పరగడుపున మందు మ్రింగి పొలమునకు పోరాదు. తిండి లేక మందు, పని రెండును కలిసిన చక్కెర హఠాత్తుగా పడిపోవును. వణుకు, చెమట, గుండెదడ అందుకు గుర్తులు. వెంటనే బెల్లము గాని పంచదార గాని తిని నీడను కూర్చుండవలెను. తేరుకొనిన పిదప అన్నము తినవలెను. స్పృహ తప్పినవారి నోటిలో ఏమియు పోయరాదు, ఆసుపత్రికి చేర్చవలెను. మందు మోతాదు మార్చవలెనా అన్నది డాక్టరునే అడుగుడు. చేనికి పోవునపుడు చెంగున ఒక బెల్లపు ముక్క కట్టుకొని పోవుడు.