ఏకగ్రీవము – ప్రజాభిప్రాయము
(జువ్వలదిన్నె సభలోని ఉపన్యాసము)

పోటీ లేని గ్రామమే ప్రజాస్వామ్యమునకు ఆదర్శమని పలువురి నమ్మకము. 2021 పంచాయతీ ఎన్నికలలో మన రాష్ట్ర ప్రభుత్వము ఏకగ్రీవమునకు, జనసంఖ్య ననుసరించి, 5 లక్షలు మొదలు 20 లక్షల రూపాయల వరకు ప్రోత్సాహకము ప్రకటించెను. ఆ సొమ్ము బాటకో బడికో పనికివచ్చును, కాదనను. అందరును కూర్చుండి మనసార ఒప్పుకొన్న ఏకగ్రీవమును వలదనను. కాని నామినేషను ఒక్కటే మిగిలినచో ఆ పదవికి ఓటే ఉండదు. తక్కినవారు ఇష్టపడి తప్పుకొనిరో, బెదరి తప్పుకొనిరో, ఆ కాగితము చెప్పునా? వల లాగువాని ఇల్లాలి మాట అందెక్కడ?

ఎన్నికతో ప్రజల పని తీరెననుటయు భ్రమయే. 1994 పంచాయతీరాజ్ చట్టము ప్రకారము ఓటర్ల జాబితాలోని ప్రతివారును గ్రామసభ సభ్యులే. ఏటి లెక్కలును ఆడిటు నివేదికయు ఆ సభ ముందుకు రావలెను. సర్పంచి ఏకగ్రీవముగ వచ్చినను సరే, రాబోవు సభలో ఆ లెక్కలు చదివి వినిపింపుడని అడుగుడు.