నెత్తురులోని కాపుదల

ప్రాణవాయువు మనకు ఆధారము. ఇనుమును త్రుప్పు పట్టించునదియు అదియే. అట్టి వాయువును నిత్యము మోయు ఎఱ్ఱ రక్తకణము చెడకుండుట ఎట్లు?

ఆ కణములో గ్లూటాథయోన్ అను పదార్థము కలదు. ఆక్సీకరణమువలని హానిని అది అడ్డగించును. ఆ పనిలో వ్యయమైన దానిని మరల సిద్ధపరచుటకు జి6పిడి అను ఎంజైము తోడ్పడును. ఎఱ్ఱకణమునకు కేంద్రకము లేదు. కావున సుమారు 120 దినముల తన ఆయువులో క్రొత్త ఎంజైమును చేసికొనజాలదు, ఉన్నదానితోడనే గడుపుకొనవలెను.

కొందరికి ఈ ఎంజైము పుట్టుకతోనే కొఱవడును. మామూలుగా వారిలో పెక్కుమందికి ఏ బాధయు తోచదు. కాని మలేరియాకు ప్రిమాక్విన్ వాడినప్పుడు రక్తకణములు పగిలి, మూత్రము నల్లబడి, రక్తహీనత కలుగవచ్చును. ఈ ఎంజైము లోపమే అందుకు మూలమని 1956లో అమెరికాలో కార్సన్, ఆల్వింగ్ ప్రభృతులు వెల్లడించిరి.

అట్లని ఆ మందును నిందింపరాదు. కాలేయములో దాగియుండు వైవాక్స్ మలేరియా క్రిములను చంపగల కొలది మందులలో అదియొకటి. శ్రోతలు గమనింపవలసినది ఇంతే: మందునకు ముందు జి6పిడి రక్తపరీక్ష, వాడుకలో మూత్రము నల్లబడినచో మాత్రలు నిలిపి తత్‌క్షణమే వైద్యుని దర్శనము.