అంగట్లో కొనే ప్రాజెక్టు మనకొద్దు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను బీఈడీ చదివినదాన్ని, ఇంజనీర్ని కాదు. కానీ మా సోమందేపల్లి హాస్టల్లో చదివి ఈసీఈ, ట్రిపుల్‌ఈలో చేరిన పిల్లల్ని చూస్తున్నా. ల్యాబ్‌లో కిట్టు చేతిదాకా రాదు. చివరికి ఫైనలియర్ ప్రాజెక్టు అంగట్లో కొంటారు. తండాలో అమ్మ కూలి డబ్బు అది! వైవాలో అడిగితే నోరు పెగలదు.

ఐఐటీ బాంబేలోని ఫాసీ ప్రాజెక్టువాళ్లు ఈసిమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తున్నారు. సర్క్యూట్ గీయడానికి కైక్యాడ్, లెక్క కట్టడానికి ఎన్‌జీస్పైస్ అందులోనే ఉంటాయి. ఈ స్పైస్ 1970లలో అమెరికాలోని బర్క్లీలో పుట్టింది. ఒకసారి ఎక్కించుకుంటే సిగ్నల్ లేని తండాలోనూ పనిచేస్తుంది. క్రాక్ కాపీలు పెట్టుకుని, అప్పు చేసి కొన్న ల్యాప్‌టాప్‌లోకి వైరస్‌ని పిలవడం ఎందుకు?

చిన్నదానితో మొదలుపెట్టండి. 9 వోల్టుల బ్యాటరీ, 2 వోల్టులు తీసుకునే ఎర్ర ఎల్‌ఈడీ, 470 ఓమ్‌ల రెసిస్టర్. మిగిలిన 7 వోల్టులను 470తో భాగిస్తే సుమారు 15 మిల్లీఆంపియర్లు. ముందు కాగితం మీద వేయండి, తర్వాత రన్ చేసి సరిచూసుకోండి. 470 బదులు 47 పెడితే కరెంటు దాదాపు పదింతలవుతుంది. నిజం ఎల్‌ఈడీ అయితే మాడిపోయేది. స్క్రీన్ మీద పొగ రాదు కదా, ఆ అంకె చూసి మీరే పసిగట్టాలి. సోల్డరింగ్ మాత్రం ఇందులో రాదు, చేత్తోనే నేర్చుకోవాలి.

ఇంగ్లీషంటే జంకేవాళ్లకు ఐఐటీ బాంబేవాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. సెలవులకు వచ్చినప్పుడు ఖాళీ పెన్‌డ్రైవ్ తీసుకుని హాస్టల్‌కి రండి, ఎక్కించి ఇస్తాను.