ఆగిపోయిందా, పని చేస్తోందా?



హోసూరు బస్టాండులో బేరిగై బస్సెక్కి కూర్చున్నవారికి ఈ సంగతి అనుభవమే. ఇంజను ఆపి ఉంటుంది. డ్రైవరు కనిపించడు. ఎప్పుడు తీస్తారో చెప్పే దిక్కు ఉండదు. అప్పుడు 10 నిమిషాలు అరగంటలా సాగుతాయి. అదే కండక్టరు వచ్చి "ఏడుంబావుకు తీస్తామండీ" అన్నాడనుకోండి, అవే 10 నిమిషాలు పేపరు చూస్తూ గడిపేస్తాం. బస్సేమీ ముందుగా బయలుదేరలేదు. మనకు కబురు అందింది, అంతే.

కంప్యూటరు ముందు కూర్చున్న మనిషికి కూడా ఇలాంటి కబురే కావాలి.

నేను ఈ ప్రాంతంలో ఒక బడి పంతుల్ని. పాఠం తెలుగులో చెప్పి రిజిస్టరు తమిళంలో రాసేవాణ్ణి. కొన్నేళ్ళ కిందట పరీక్ష మార్కులు కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి నా పక్కన కూర్చుని అంకెలు కొడుతోంది. సాయంత్రానికి 120 మంది మార్కులు పూర్తయ్యాయి. 'సేవ్' నొక్కింది. తెర తెల్లగా అయిపోయింది. మళ్ళీ నొక్కింది. ఇంకోసారి నొక్కింది. అర నిమిషం చూసి, "చచ్చిపోయినట్టుంది సార్" అంటూ స్విచ్చి ఆపేసింది. పొద్దుటి నుంచి కొట్టినదంతా పోయింది. నేను ఆ పిల్ల మీద గట్టిగా అరిచాను. ఆ తరువాత చాలా రోజులు ఆమె కంప్యూటరు గది గడప తొక్కలేదు.

మర్నాడు నేనే మళ్ళీ అంకెలన్నీ కొట్టి సేవ్ చేశాను. అదే తెల్ల తెర. ఈసారి చేతులు కట్టుకుని కూర్చున్నాను. నిమిషం దాటాక పట్టిక మళ్ళీ కనిపించింది. అంటే ముందు రోజు కూడా అది చావలేదు, పని చేస్తూనే ఉంది. ఆ మాట మాకు చెప్పలేదు. నేను అరవవలసింది ఆ పిల్ల మీద కాదు.

ఎందుకిలా జరుగుతుంది? రేషను షాపులో ఒక్కడే మనిషి ఉన్నాడనుకోండి. కార్డు చూసేదీ అతడే, గోదాములోకి వెళ్ళి బియ్యం తెచ్చేదీ అతడే. అతడు లోపలికి వెళ్ళాడంటే బయట పలికేవాడు ఉండడు. చాలా ప్రోగ్రాముల్లో తెరను గీసే పని, మన నొక్కుడు వినే పని, దస్త్రం దాచే పని ఒకే వరుసలో నడుస్తాయి. ఆ వరుసను 'థ్రెడ్' అంటారు. బరువు పనిని వేరే థ్రెడ్డుకు అప్పగిస్తే, కౌంటరు దగ్గర ఒక మనిషి ఎప్పుడూ ఉంటాడు. లేదంటే విండోస్ 5 సెకన్లు చూసి, ఆ కిటికీ నెత్తిన 'నాట్ రెస్పాండింగ్' అని రాసేస్తుంది. అది చదివినవాడు ఊరుకుంటాడా? స్విచ్చి మీదికే చెయ్యి పోతుంది.

ఎంతసేపటికి కబురు చెప్పాలన్నదానికి లెక్క ఉంది. జాకబ్ నీల్సన్ 1993లో తన పుస్తకంలో మూడు హద్దులు చెప్పాడు. సెకనులో పదో వంతు లోపల జవాబు వస్తే, నొక్కగానే అయిపోయిందనిపిస్తుంది. ఒక సెకను వరకు ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనసు వేరే పనిమీదికి పోతుంది. అలాంటి చోట ఎంత పని అయిందో చూపాలి. బ్రాడ్ మయర్స్ 1985లోనే, ఎంత శాతం అయిందో చూపే పట్టీలను వాడుకరుల ముందు పెట్టి చూశాడు. పట్టీ ఉండడమే వాళ్ళకు నచ్చింది.

పట్టీ పెట్టినంత మాత్రాన సరిపోదు. 99 దాకా పరుగెత్తి అక్కడ నిలబడిపోయేవి ఉన్నాయి. "వెళ్ళొస్తానండీ" అని గుమ్మంలో అరగంట మాట్లాడే చుట్టంలాంటివి అవి. క్రిస్ హారిసన్ బృందం 2007లో చేసిన పరిశోధనలో, అంతే సమయం తీసుకున్నా, చివర్లో ఆగే పట్టీ ఎక్కువ సేపు పట్టినట్టు తోచిందని తేలింది. చివర్లో వేగం పెంచి చూపితే పని త్వరగా అయినట్టు అనిపిస్తుందట. ఈ గారడీ నాకంతగా రుచించదు. "120లో 43 దాచాను" అని ఉన్నదున్నట్టు చెబితే చాలదా? లెక్క తెలియనప్పుడు "పని జరుగుతోంది, ఆపకండి" అన్నా మేలే.

మా బడుల్లో చదివి, అత్తిబెలె దాటి బెంగళూరులో ప్రోగ్రాములు రాస్తున్న పిల్లలు ఎందరో ఉన్నారు. నాయనలారా, మీ బల్లమీది కొత్త యంత్రంలో అర సెకనులో అయ్యే పని, మా గదిలోని పాత యంత్రంలో నిమిషం పడుతుంది. ఒకసారి అలాంటిదాని మీద నడిపి చూడండి. బటను ఒకసారి నొక్కగానే రంగు తగ్గి, రెండో నొక్కుడు పుచ్చుకోకుండా చేయండి. మధ్యలో మానుకోవడానికి దారి ఉంచండి. ఇవేవీ పెద్ద ఖర్చు పనులు కావు.

ఆ అమ్మాయిని నేనే పిలిచి, తప్పు నాదని చెప్పాను. గోడ గడియారం చూస్తూ సేవ్ ఎంతసేపు పడుతుందో లెక్క కట్టమన్నాను. మూడుసార్లు చూసి, ఒక అట్టముక్క మీద తెలుగులో, కింద తమిళంలో రాసి కంప్యూటరుకు అంటించింది: "తెర తెల్లగా అయితే భయపడకండి. 70 సెకన్లు ఆగండి. మళ్ళీ నొక్కకండి."